మూడు ముళ్ళదా, నాలుగు ముళ్ళదా

కుండ పలిగింది. దానంతట అది పలగలే, గుర్వమ్మ పలగ్గొట్టింది. చిన్నకొడుకు నీళ్ళు తాగిన కుండ అని ఎరికయ్యి గోడకేసి కొట్టింది. పెంకులు వాకిలంత చెదిరినయి. ఒక పెంకు వచ్చి చిన్నకోడలు సోమమ్మ కాళ్ళ కాడ ఆగింది.

"దొడ్డి కాడి కుండ నా ఇంట్లకు ఎట్ల వచ్చిందే?" అని అడిగింది అత్త.

సోమమ్మ ఏం చెప్తది? నిన్న మొగనికి నీళ్ళు ఆ కుండల్నే తీస్కపోయింది, ఖాళీ అయినంక తెచ్చి మూలకు పెట్టింది. గంతే చేసిన పాపం. మూడు దినాల సంది ఆ ఇంట్ల గసువంటి పాపాలే లెక్కకొస్తున్నయి.

నాలుగేండ్ల కింద చిన్నకొడుకు ఐలేశంకు పెద్దరోగమని, కుష్టని తేలిన్నాడు ఇదే ముసలమ్మ ఇదే వాకిట్ల పొర్లి పొర్లి ఏడ్చింది. నా కొడుకును నాకు మళ్ళ తోలియ్యి తండ్రీ అని కులదేవుడు బీరప్పకు పొట్టేలును మొక్కింది. ఇప్పుడు కొడుకు వచ్చిండు. రోగం పోయింది, ఇతని తోని ఎవలకు అంటదు అని దవాఖానోళ్ళు కాగితం రాసి ముద్ర కొట్టిచ్చిన్రు. మొక్కు తీరింది, మొక్కిన తల్లే తలుపు పెట్టుకున్నది. నవ్వాల్నో ఏడ్వాల్నో తెలువని కాలం.

ముసలమ్మను ఒక్కదాన్నే అని లాభం లేదు. కులపెద్ద పర్వతాలు చెప్పిన మాట అది. రేపే బీరప్ప పండుగ. పండుగ ఒడిసేదాంక ఐలేశం ఊళ్ళె అడుగు పెట్టొద్దు. ఒడిసినంక సంగతి మల్ల కూసుండి చూద్దాం. ఈ లోపల ఎవలన్న వాన్ని ఇంట్లకు రానిస్తే ఆ ఇంటికి నిప్పు, నీళ్ళు బందు. కాగితం చూపెడితే పక్కకు పెట్టి, బీరప్పకు సదువు రాదు అన్నడట. ఇగ దానికెవలు జవాబియ్యాలె? ఐలేశం ఊరి బయట గొర్ల దొడ్డిల పడి ఉన్నడు.

అరుగు మీద గోపయ్య కూసున్నడు. ఐలేశం అన్న, ఇంటికి పెద్ద. ఒళ్ళె డోలు పెట్టుకోని తోలుకు నూనె రాస్తున్నడు. తల్లి కుండ పలగ్గొట్టినా తల ఎత్తలే.

సోమమ్మ ఆయనతోని మాట్లాడది. పగ ఉండి కాదు, బావ ఎదుట కోడలు నోరు విప్పొద్దు. పన్నెండేండ్ల కాపురంల ఆయన ముంగట ఒక్క మాట అనలే. ఏమన్నుంటే యారాలు, గోపయ్య పెండ్లాం భద్రమ్మకు చెప్పాలె, భద్రమ్మ మొగనికి చెప్పాలె. ఆ పొద్దు కూడ గట్లనే చెప్పింది.

"అక్కా, తమ్ముడొచ్చి మూడు దినాలాయె. ఒక్కపారన్న పోయి మొకం చూసి రానీకి ఆయనకు కాళ్ళు రాలేదా, అడుగు."

నాలుగు మూరల అవుతలున్న మొగన్ని భద్రమ్మ అడిగింది. గోపయ్య విన్నడు. తోలు వదులైంది, మాపటికి నిప్పు కాడ కాగబెట్టాలె, పిడకలు తీసిపెట్టు అన్నడు.

సోమమ్మ పెంకులన్ని ఏరి చెంగుల పోసుకోని, అంబలి గిన్నె తీస్కోని దొడ్డి దిక్కు నడిచింది.

* * *

దొడ్డి ఖాళీగ ఉంది. మందను నాలుగు దినాల సంది కట్టంగూరు సడక్ అవుతల ఒక రైతు చెలుకల పండబెడుతున్నరు. ఎరువు కోసం గట్ల పొలాల్ల మంద పెట్టుడు అలవాటే. కంప నడుమ ఇంత చొప్ప పరుచుకోని, దాని మీద గొంగడి ఏసుకోని ఐలేశం కూసున్నడు. ముంగట పాటపెట్టె.

ఆ పెట్టె సంగతి ఊళ్ళె అందరికి తెలిసిపోయింది. కరెంటు అక్కరలేదు, పక్కకున్న మర తిప్పితే నల్ల బిళ్ళ తిరుగుతది, సూది ఆనిస్తే పలుకుతది. దవాఖాన డాక్టరమ్మ ఇచ్చింది. ఆమె పేరు కారెన్, రోగులంత కారెనమ్మ అంటరు. సముద్రాల అవుతల డేన్మార్క్ అని దేశముందట, ఆమెది ఆ దేశం. వాళ్ళ దేశపాయన ఒకాయన ఆరు పాటలు కట్టిండట. మన పాటోలె చిన్నయి కావు, ఒగ్గుకథోలె పొడుగు. నాలుగైదు బిళ్ళలు తిప్పితే గాని ఒకటి ఒడవది. ఒక్కొక్కదాన్ని సింఫనీ అంటరట.

ఐతారం ఐతారం దవాఖాన వసారల ఆ ఆరింటిని వంతులేసి పెట్టేదట డాక్టరమ్మ. మీకేది నచ్చిందని ఒక్కొక్కలను అడిగేదట. కంపౌండర్ ఇస్రాయేలు, మొదటిది మొదటిదే కాబట్టి అదే గొప్పది అన్నడు. కాటమయ్య అని ఒక ముసలాయన ఆరింటికి ఆరు నిద్రపోయి, అన్ని మంచిగనే ఉన్నయమ్మా అన్నడు. ఐలేశం ఒక్కడే ఆమెతోని కొట్లాడిండు. ఒకపారి మూడోది అంటడు, ఒకపారి నాలుగోది అంటడు.

ఇప్పుడు ఆమె సొంత దేశం పోతాంది. పొయ్యేముందు రెండు ముచ్చట్లు చెప్పింది. ఒకటి, పాటపెట్టె నీకే, దాంతోని ఒక్క సింఫనీ నీకే. మూడోది, నాలుగోది రెండు తీస్కపో, ఇంటి కాడ ఇని ఏది నీదో ఖాయం చెయ్యి, ఇంకోటి తిరిగియ్యి. రెండు, ఊరు నిన్ను ఉండనియ్యకపోతే దవాఖానల పని ఉంది, పెంకుటి అర్ర ఉంది, ఆలుమగలు ఉండొచ్చు. రేపు పొద్దున ఆమె జీపు సడక్ మీదికెళ్ళి పోతది. రెండింటికి జవాబు అప్పుడు చెప్పాలె.

అంబలి తాగి ఐలేశం చేతులు చూపెట్టిండు. వేళ్ళు జర వంగినయి. రోగం పోయింది గాని అరచేతుల్ల ఎరుక తిరిగి రాలే. నిప్పు ముట్టినా తెలువది, ముల్లు దిగినా తెలువది. అందుకే మర తిప్పుడు, సూది ఆనిచ్చుడు సోమమ్మ వంతు. మూడు దినాల్ల నేర్చుకున్నది. ఆమెకు అంకెలు రావని, అట్టల మీద ఉన్ని దారం చుట్టి ఒకదానికి మూడు ముళ్ళు, ఒకదానికి నాలుగు ముళ్ళు వేయించిండు.

"మూడు ముళ్ళది పెట్టు, ఒక్కపారి" అన్నడు.

సోమమ్మ పెట్టింది. ముందుగాల ఏవేవో వాయిద్యాలు మెల్లగ మూల్గినయి. తర్వాత ఒక మొగ గొంతు. ఆ యెనుక ఒక ఆడ గొంతు. మాటలు లేవు. ఆ అంటరు, ఊరికె ఆ అని సాగదీస్తరు. ఈ గుట్ట మీదొకరు, ఆ గుట్ట మీదొకరు నిలవడి పిలుచుకున్నట్టు ఉంటది. ఆయన ఒకటంటడు, ఆమె ఒకటంటది, మొకాలు మాత్రం చూసుకోరు. ఇన్న ప్రతిసారి సోమమ్మకు తన కాపురమే యాదికొస్తది. నాలుగేండ్లు తను ఇక్కడ, ఆయన అక్కడ. కండ్లు తుడుచుకోలే, కారనిచ్చింది.

"గిదే మనది" అన్నది. "గిది ఉంచుకుందాం. రేపు జీపెక్కుదాం."

ఐలేశం నాలుగు ముళ్ళదాంట్ల ఆఖరి బిళ్ళ పెట్టుమన్నడు. సోమమ్మకు ఆ బిళ్ళంటే భయం. గాలిదుమారం వచ్చినట్టు మొదలైతది, నడుమ రెండు నగారాలు లేస్తయి. ఈ కొసకొకటి, ఆ కొసకొకటి. ఒకటి మీదికొస్తది, ఇంకోటి ఎదురు కొడుతది. దొడ్డి కంప కూడ వణికినట్టైతది.

అది ఇంటుంటే ఐలేశం మొకం మారింది. పదేండ్లు తగ్గినట్టే ఉంది.

ఎందుకు మారదు? బీరప్ప ముంగట రంగుల పిండితోని పట్నం ఏస్తరు. ఆ పట్నానికి ఈ పక్క తమ్ముడు, ఆ పక్క అన్న డోలేసుకోని నిలవడేది. తమ్ముని డోలు అడగాలె, అన్న డోలు జవాబు చెప్పాలె. ఆ ఇంట్ల తాతలకెళ్ళి వస్తున్న జోడు అది. దానికొక కట్టుబాటుంది. మూడుసార్లు అడిగినంక కూడ అవుతలి డోలు పలకకపోతే జోడు తెగినట్టే. ఇగ ఆ ఇద్దరు బతికినన్ని దినాలు ఒక్క పట్నం కాడ నిలవడొద్దు. ఐలేశం పోయినంక నాలుగు పండుగలు గోపయ్య ఒక్కడే కొట్టిండు. వేరే జోడు పెట్టుకోలే. దాన్ని పట్టుకోనే ఐలేశం బతుకుతున్నడు.

"మాపటికి అన్న మన వాకిట్ల డోలు కాగబెడుతడు, ఇల్లు ఊరి కొసకే గదా, ఈడికి ఇనబడుతది" అన్నడు. "అప్పుడు నాలుగు ముళ్ళది పెట్టు. నా చేతులు అడగలేవు, అది అడుగుతది. అన్న పలికితే నేను ఈ ఊరి మనిషిని, ఎవడు వద్దన్నా ఉంట. పలకకపోతే జీపెక్కుత."

సోమమ్మకు ఒళ్ళు మండింది. నాలుగేండ్లు ఒక్క ఉత్తరం రాపియ్యని అన్న, నాలుగు మూరల దూరంల ఉండి నీ పేరు ఎత్తని అన్న. ఆయన కోసం ఈ దొడ్డిల కుక్కోలె పడి ఉంటవా అని అడిగింది. దవాఖానల అర్ర ఉంది, పని ఉంది, నేనున్న. నేను నీ లెక్కల లేనా అని అడిగింది.

"ఉన్నవు. నువ్వు లేకుంటే ఆ నాలుగేండ్లల్లనే సచ్చేటోన్ని" అన్నడు ఐలేశం. "కాని అక్కడ నేను రోగినే సోమీ. రోగం పోయిన రోగిని. డోలు కాడనే నేను ఐలేశంని."

ఆయన గొంగడి కప్పుకోని అటు మళ్ళి పండుకున్నడు.

* * *

మంచి మనుషులు చెడ్డ పని చేసేటప్పుడు చప్పుడు కాదు. ఐలేశం కండ్లు మూతపడ్డయి. సోమమ్మ నాలుగు ముళ్ళ అట్ట విప్పి ఆఖరి బిళ్ళ తీసింది. దాని జాగల మూడు ముళ్ళదాంట్లకెళ్ళి గొంతుల బిళ్ళ పెట్టింది. నగారాల బిళ్ళను దొడ్డి మూలకు చొప్ప కింద దాసింది.

అన్న పలుకుడు ఏందో, పలకకపోవుడు ఏందో, అసలు అడగనే అడగకపోతే పీడే లేదు కదా అనుకున్నది. రేపు జీపెక్కుతరు. ఎక్కినంక నిజం చెప్తది. తిడితే పడుతది. మొగన్ని బతికిచ్చుకునే దారి ఆమెకు గదే కనబడ్డది. తప్పెట్లందాం?

పొద్దు వాలంగ సడక్ దిక్కుకెళ్ళి దుమ్ము లేసింది. సోమమ్మ కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకోని చూసింది. మంద వస్తాంది. రేపు పండుగ గదా, బీరప్ప బండారి పసుపు చల్లనీకి గొర్లన్ని మాపటికి దొడ్డికి చేరాలె. మందల పుట్టి మందల పెరిగిన ఆడది, గా సంగతే యాద్ మరిచింది. మూడు దినాలు దొడ్డి ఖాళీగ ఉండె, అది ఖాళీగనే ఉంటదనుకున్నది.

గోపయ్యే తోలుకొచ్చిండు. తడక గుంజి పక్కకు నిలవడ్డడు. నూరు గొర్లు ఒకదాని మీదొకటి పడుకుంట లోపలికి ఉరికినయి. సగం చొప్ప పరిచిన మూలకే పోయినయి. సోమమ్మ చూసుకుంట నిలవడ్డది. కొంగు నోట్ల కుక్కుకున్నది. మొగడు చూస్తుండగ పోయి చొప్ప తీస్తదా?

అన్నదమ్ములిద్దరు గొర్ల మీదికెళ్ళి ఒకరినొకరు చూసిన్రు. నాలుగేండ్లకు మొదటిసారి. గోపయ్య కండ్లు ఐలేశం చేతుల మీద ఆగినయి. నోరు తెరిచినట్టే తెరిచిండు. దూరంగ కులపెద్ద పర్వతాలు దగ్గు ఇనబడ్డది. గోపయ్య తడక ఏసి పోయిండు.

జర సేపటికి వాకిట్ల పిడకల పొగ లేసింది. తోలు బిగిసిందో లేదో చూడనీకి గోపయ్య డోలు మీద ఒకటి రెండు దెబ్బలేసిండు.

"ఇగ పెట్టు" అన్నడు ఐలేశం.

సోమమ్మ మర తిప్పింది. నాలుగు ముళ్ళ అట్ట విప్పి బిళ్ళ తీసింది, సూది ఆనిచ్చింది. నగారాలు రాలే. వాయిద్యాలు మెల్లగ మూల్గినయి, మొగ గొంతు లేసింది, ఆడ గొంతు లేసింది. మాపటి గాలికి ఆ పిలుపు దొడ్డి దాటి, వాకిలి దాటి పోయింది.

ఐలేశం ఆమె దిక్కు చూసిండు.

"గిది కాదు గదా."

"చేతికి గిదే దొరికింది" అన్నది సోమమ్మ. జీవితంల ఆయనకు చెప్పిన మొదటి అబద్ధం. అది అబద్ధమని ఆయనకు ఎంటనే తెలిసిందని కూడ ఆమెకు తెలిసింది. తిట్టలే. తల ఒంచుకున్నడు. అదే ఆమె ఓర్వలేకపోయింది.

బిళ్ళ ఒడిసింది. సూది గరగర తిరుగుతాంది. అప్పుడు వాకిట్లకెళ్ళి డోలు లేసింది.

అది తోలు చూసే దెబ్బ కాదు. దరువుకు దరువు తీర్చి కొట్టిన దెబ్బ. పట్నం కాడ తమ్ముడు అడిగే అడుగుడు. తాతల కాలంకెళ్ళి అన్న అడుగుడన్నది లేదు, తమ్మునిదే ఆ హక్కు. గోపయ్య ఆ కట్టు తప్పి, ఊరంత ఇనంగ, తమ్మున్ని అడుగుతున్నడు.

ఐలేశం లేసి నిలవడ్డడు. "ఆ బిళ్ళ ఏడుంది సోమీ?"

ఆమె గొర్లను తోసుకుంట మూలకురికింది. చొప్ప లాగింది. బిళ్ళ మూడు తునుకలైంది. ఒక తునుక మీద గొర్రె డెక్క మట్టి ఇంక తడిగనే ఉంది. తునుకలను ఒళ్ళె ఏసుకోని అక్కడనే కూలబడ్డది.

రెండో అడుగుడు లేసింది. మొదటిదాని కన్న గట్టిగ. ఊళ్ళె కులపోళ్ళందరికి ఆ అడుగుడు తెలుసు. తలుపులు తెరుచుకున్నయి, మనుషుల అలికిడైంది. పండుగ ఈ పొద్దే ఎత్తిన్రా అని ఎవలో అడుగుతున్నరు.

ఐలేశం పాటపెట్టె మూత గుంజిండు. మోకాళ్ళ నడుమ పెట్టుకోని, మూడో అడుగుడు లేస్తుండగ రెండు అరచేతులతోని దాని మీద బాదిండు. దరువు తెలుసు, లెక్క తెలుసు, చేతులకు ఎరుక లేదు. మూత చీలింది. చీలిక చేతిల దిగి నెత్తురు కారింది, ఆయనకు తెలువనే తెలువదు. బాదుతనే ఉన్నడు. బెదిరిన గొర్లు అన్ని ఒక్కపారి అరిచినయి. ఆ అరుపుల్ల చెక్క చప్పుడు తడక కూడ దాటలే.

డోలు ఆగింది.

* * *

తడక పక్కకు జరిగింది. గోపయ్య మెడల డోలుతోనే వచ్చిండు. ఆయన యెనుక పర్వతాలు, కొడుకు దిక్కు చూడకుంట గుర్వమ్మ, దీపం పట్టుకోని భద్రమ్మ.

ముందుగాల పర్వతాలే మాట్లాడిండు. మూడుసార్లు అడిగిండు, అవుతల పలకలే, జోడు తెగింది అన్నడు. ఇది నా మాట కాదు, డోలు మాట అన్నడు. ఆయన గొంతుల కోపం లేదు, బరువు దిగినట్టే ఉంది.

గోపయ్య ఆయన మాట పట్టించుకోలే.

"ఆ పిలుపులు ఇనంగ నాకు మనం మంద మేపిన గుట్ట యాదికొచ్చింది తమ్మీ. ఆ గుట్టకెళ్ళి నువ్వు నన్ను గట్లనే పిలిచేది. మనసు ఆగలే, అందుకే అడిగిన. ఎందుకు పలకలేదు?"

సోమమ్మకు నెత్తి మీద పిడుగు పడ్డది. అడగనీకి నగారాల బిళ్ళ అక్కరనే లేకుండె. ఆమె పెట్టిన గొంతులకే బావ మనసు కరిగింది. జవాబుకే ఆ బిళ్ళ కావల్సి వచ్చింది, అది తన ఒళ్ళె మూడు తునుకలై ఉంది.

ఐలేశం ఆమె ఒళ్ళెకు చూసిండు. తర్వాత అన్న దిక్కు చూసిండు.

"నా బదులు పలికే బిళ్ళ పలిగిందన్నా. చేతులకు ఎరుక లేదు గదా. నేనే జారవిడిచిన."

గోపయ్య తమ్ముని నెత్తురు చేతులు చూసిండు. తల ఊపిండు. బిళ్ళే నిలవని చేతుల్ల రేపు డోలు కట్టె ఏం నిలుస్తది? ఆ మాట ఆయన అనలే, మెడలకెళ్ళి డోలు తీసి భుజానికేసుకోని మళ్ళిండు. పర్వతాలు తొవ్వ ఇచ్చిండు.

సోమమ్మ కోరుకున్నదంత ఇప్పుడు ఆమె చేతిల ఉంది. నోరు మూసుకుంటే చాలు. రేపు జీపు, పెంకుటర్ర, పక్కన మొగడు. తప్పు ఆయనే మీదేసుకున్నడు. ఎవలు అడగరు.

లేసి నిలవడ్డది. ఒళ్ళె తునుకలు కింద పడ్డయి. కొంగు నెత్తి మీదికెళ్ళి జారింది, సదురుకోలే.

"ఆగు బావా."

భద్రమ్మ దీపం పైకెత్తింది. గుర్వమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. గోపయ్య నిలవడ్డడు, పన్నెండేండ్లల్ల ఇనని గొంతు అది.

"ఆయన చేతులు జారలే. బిళ్ళ దాసింది నేను. ఆయన అడగొద్దని, నువ్వు పలకొద్దని నేనే దాసిన."

గోపయ్య యెనుకకు మళ్ళి మొదటిసారి మరదలి మొకంల మొకం పెట్టి చూసిండు.

"ఎందుకు బిడ్డా?" అని అడిగిండు.

ఐలేశం కూడ తల ఎత్తి ఆమె దిక్కే చూస్తున్నడు.